పద్యాల వెబ్‌సైటుకు కుకీ అనుమతి పెట్టె అవసరమా? ఫ్రాంక్‌ఫర్ట్ పాఠకుడి ఉత్తరం మీద ఒక సందేహం

ప్రశ్న: పద్యాలతోట

సభ్యులందరికీ నమస్కారం.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాను. ఏడేళ్ళ క్రితం మా మేనల్లుడి సాయంతో వర్డ్‌ప్రెస్‌లో ఒక చిన్న వెబ్‌సైటు ప్రారంభించాను. వేమన, సుమతి, దాశరథి, భాస్కర శతకాలలోని పద్యాలకు ప్రతిపదార్థం, తాత్పర్యం, ఛందోవివరణ, కొన్నింటికి నేను రాగయుక్తంగా చదివిన యూట్యూబ్ వీడియో, ఇంతే అందులో ఉన్న సరుకు. చదివేవారిలో ఎక్కువమంది ఎనిమిది నుంచి పదో తరగతి వరకు ఉన్న పిల్లలు, వారికి పాఠం చెప్పే ఉపాధ్యాయులు. మిగిలినవారు డాలస్, సిడ్నీ, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి చోట్ల తమ పిల్లలకు ఇంట్లోనే తెలుగు నేర్పుకొనే తల్లిదండ్రులు. సైటు నడపడానికి అయ్యే ఖర్చు గూగుల్ ప్రకటనల మీద వచ్చే కొద్దిపాటి డబ్బుతో ఇంచుమించు సరిపోతుంది.

పోయిన వారం ఫ్రాంక్‌ఫర్ట్ పాఠకుడొకరు ఎంతో మర్యాదగా ఒక ఉత్తరం రాశారు. ‘మాస్టారూ, మీ పద్యం పేజీ తెరవగానే, నేను ఏదీ నొక్కకముందే, నా బ్రౌజర్‌లో పద్నాలుగు కుకీలు చేరాయి. వాటిలో మీ సైటువి రెండే. మిగతా పన్నెండూ ఎవరివో, నన్ను అడగకుండా ఎందుకు పెట్టారో చెప్పగలరా?’ అన్నది ఆ ఉత్తర సారాంశం. నేను ఎవరికీ ఏమీ పెట్టలేదు. అయినా ఆయన అబద్ధమాడవలసిన అవసరమూ లేదు. మేనల్లుడిని అడిగితే ‘అందరి సైట్లూ అంతే మామయ్యా, ఒక బ్యానర్ ప్లగిన్ పెట్టేద్దాం, అయిపోతుంది’ అన్నాడు. అనుమతి అడిగే పెట్టెను సైటు మీద చూపించే చిన్న ప్రోగ్రామట అది.

అది పెడితే నిజంగానే అయిపోతుందా? అసలు ఈ కుకీలు నా ప్రమేయం లేకుండా ఎలా వస్తున్నాయి? చదివేవారు పిల్లలు కనుక మన దేశపు చట్టం ప్రకారం నేను ఇంకేదైనా జాగ్రత్త తీసుకోవాలా? నాకు సాంకేతిక పరిజ్ఞానం తక్కువ కాబట్టి కాస్త విడమరిచి చెప్పవలసిందిగా కోరుతున్నాను.


సమాధానం: కొండాపూర్ కోడర్

మాస్టారికి నమస్కారం. మీ మేనల్లుడు చెప్పిన ‘అందరి సైట్లూ అంతే’ అన్న మాట చాలావరకు నిజమే. కాని బ్యానర్‌తో మొదలుపెట్టడం ఇల్లు ఊడవకుండా గుమ్మానికి తోరణం కట్టడం వంటిది. ముందు ఆ పన్నెండూ ఏ దారిన వచ్చాయో చూద్దాం.

వెబ్ సర్వర్‌కు స్వతహాగా జ్ఞాపకశక్తి లేదు. మీరు ఒక పేజీ అడిగితే ఇస్తుంది. మరుక్షణం రెండో పేజీ అడిగితే ఇందాకటి మనిషీ మీరూ ఒకరేనని దానికి తెలియదు. ఈ మతిమరుపుకు మందుగా 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటులి కుకీని రూపొందించారు. అమ్మకాల సైటులో బుట్టలో వేసిన వస్తువు పేజీ మారినా బుట్టలోనే ఉండాలన్నది అప్పటి అవసరం. దీని పనితీరు గుడి ముందు చెప్పుల స్టాండును పోలి ఉంటుంది. చెప్పులు అప్పగించినప్పుడు మన చేతికి ఒక బిళ్ళ ఇస్తారు. దాని మీద మన పేరు గాని ఊరు గాని ఉండవు, ఒక అంకె మాత్రమే ఉంటుంది. ఆ అంకెకు అర్థం స్టాండు మనిషికే తెలుసు. అలాగే సర్వర్ తన జవాబుతోపాటు ఒక చిన్న గుర్తును పంపుతుంది. బ్రౌజర్ దానిని దాచుకొని, ఆ సైటుకు మళ్ళీ వెళ్ళిన ప్రతిసారీ తిరిగి చూపిస్తుంది. అది ప్రోగ్రామూ కాదు, వైరస్సూ కాదు. సుమారు 4 కిలోబైట్లకు మించని అక్షరాల ముక్క, అంతే.

చిక్కంతా ఆ బిళ్ళ ఎవరిచ్చారన్న దగ్గర వస్తుంది. మీ పేజీలో యూట్యూబ్ వీడియో ఉంటే పాఠకుడి బ్రౌజర్ మీ సర్వర్‌తోపాటు యూట్యూబ్ సర్వర్‌నూ పలకరిస్తుంది. ప్రకటన ఉంటే ప్రకటనల సర్వర్‌నూ, ఫేస్‌బుక్ లైక్ బొత్తం ఉంటే ఫేస్‌బుక్‌నూ పలకరిస్తుంది. ఎవరి బిళ్ళ వారు ఇస్తారు. ఇప్పుడు ఒకే ప్రకటనల సంస్థ ఊళ్ళోని వేల దుకాణాలలోనూ తన బల్ల వేసుకొని కూర్చున్నదనుకోండి. మీ పద్యం చదివిన అబ్బాయి, ఆ తరువాత క్రికెట్ స్కోరు చూసి, సాయంత్రం వాళ్ళ నాయనమ్మకు డాక్టరు రాసిన మందు గురించి ఇంకో సైటులో చదివితే, మూడు చోట్లా అదే బిళ్ళ అంకె కనబడుతుంది. అబ్బాయి పేరు ఎవరూ అడగలేదు. అయినా అతని దినచర్య ఒకచోట పోగుపడింది. థర్డ్ పార్టీ కుకీ అని జనం విసుక్కొనేది దీనినే. మీరు పెట్టలేదన్న మాట నిజమే, కాని ఆ బల్లలకు మీ అరుగు మీద చోటిచ్చింది మాత్రం మీరే.

బ్రౌజర్ల వారు దీనిని కొంతవరకు అడ్డుకుంటున్నారు. సఫారి 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటు డబ్బాలో ఆ సైటు కుకీలను విడిగా బంధిస్తున్నది. క్రోమ్ మాత్రం రెండేళ్ళలో తీసేస్తామని 2020లో ప్రకటించి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జులైలో ఆ ఆలోచననే విరమించుకొన్నది. మన ప్రాంతంలో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోను, అందులో క్రోమ్. కనుక బ్రౌజరే చూసుకుంటుందిలే అన్న భరోసా మీ పాఠకుల విషయంలో పెద్దగా పనికిరాదు.

మీరే స్వయంగా చూడవచ్చు. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, కొత్త ప్రొఫైల్ ఒకటి సృష్టించి, మీ సైటుకు వెళ్ళి ఎఫ్12 మీట నొక్కండి. అప్లికేషన్ అనే విభాగంలో కుకీల జాబితా సైటు పేర్లతో సహా కనబడుతుంది. ఇన్‌కాగ్నిటో కిటికీలో మాత్రం పరీక్షించకండి. అక్కడ క్రోమ్ థర్డ్ పార్టీ కుకీలను ముందే ఆపేస్తుంది కాబట్టి మా సైటు కడిగిన ముత్యంలా ఉందని సంతోషపడి మోసపోతాము. నేనూ ఒకసారి అలాగే ఒక క్లయింటుకు ధైర్యం చెప్పి నాలుక కరుచుకొన్నాను.

ఇక ఏమి చేయాలన్నది. పాఠకుల రాకపోకలను లెక్కించే గూగుల్ అనలిటిక్స్ మీ సైటులో ఉంటే అది పాఠకుడికి ఇచ్చే బిళ్ళ సాధారణంగా రెండేళ్ళు నిలిచి ఉంటుంది. ఏ పద్యం ఎంతమంది చదివారన్న లెక్క మాత్రమే మీకు కావాలంటే కుకీ లేకుండా లెక్కించే ప్లాసిబుల్ వంటివి ఉన్నాయి. మీ సర్వర్ మీదే నడిచే మటోమోను కూడా కుకీలు లేకుండా అమర్చుకోవచ్చు. నిజం చెప్పాలంటే గత ఏడాదిలో ఆ లెక్కలు చూసి మీరు ఏ ఒక్క నిర్ణయమైనా తీసుకొన్నారా అని ఆలోచించండి. లేదంటే పూర్తిగా తీసేయండి. లైక్, షేర్ బొత్తాల స్థానంలో మామూలు లింకులు పెట్టండి, వాట్సాప్‌లో పంపడానికి లింకు చాలు. వీడియోను నేరుగా అతికించకుండా ముందు ఒక బొమ్మ మాత్రమే చూపించి, పాఠకుడు దాని మీద నొక్కిన తరువాతే యూట్యూబ్‌ను పిలిచేలా చేయవచ్చు. యూట్యూబ్ వారే ‘నోకుకీ’ చిరునామాతో ఇచ్చే రకం అతికింపు ఉంది. దానిని ఈ బొమ్మతో కలిపి వాడితే ఇంకా మేలు. ప్రకటనల సంగతి మాత్రం మీకే వదిలేస్తున్నాను, అది డబ్బుతో ముడిపడిన విషయం.

కుకీ కాకపోయినా ఇదే కోవలోకి వచ్చేది ఇంకొకటి ఉంది. చాలా తెలుగు సైట్ల మాదిరిగా మీరు కూడా మండలి, రామభద్ర వంటి ఖతులను (ఫాంట్లను) గూగుల్ సర్వర్ నుంచి నేరుగా తెప్పించుకొంటూ ఉంటే, పాఠకుడు పేజీ తెరిచినప్పుడు ఖతి కోసం అతని ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో అతని కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య, గూగుల్‌కు చేరుతుంది. ఆ ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నవే. దింపుకొని మీ సర్వర్ మీదే పెట్టుకోవచ్చు. అరగంట పని.


సమాధానం: ఇసార్ ఒడ్డు

మాస్టారూ, నేను మ్యూనిక్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. మా అమ్మాయికి సుమతీ శతకం నేర్పడానికి ఇటువంటి సైట్ల మీదే ఆధారపడతాను కనుక ఫ్రాంక్‌ఫర్ట్ పెద్దమనిషి బాధ నాకు అర్థమైంది. ఇక్కడి నియమం ఏమిటో చెబుతాను.

ఐరోపా సమాఖ్య 2002లో ఈ-ప్రైవసీ ఆదేశం తెచ్చి, 2009లో దానిని సవరించింది. వాడుకరి పరికరంలో ఏ సమాచారమైనా దాచాలన్నా, అక్కడ ఉన్నది చదవాలన్నా ముందుగా అతని అనుమతి ఉండాలి. అతను కోరిన సేవ అందించడానికి తప్పనిసరైన వాటికి మాత్రమే మినహాయింపు. లాగిన్‌ను గుర్తుంచుకొనే కుకీకి, బుట్టను గుర్తుంచుకొనే కుకీకి అనుమతి అక్కర్లేదు. ప్రకటన కుకీకి కావాలి. ఆ కుకీలో వ్యక్తిగత సమాచారం ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదని చాలామంది గమనించరు. మనిషి పరికరాన్ని ఇంటితో సమానంగా చూసిన చట్టం ఇది. లోపలికి వచ్చి ఏమీ తీసుకోలేదన్నా, అడగకుండా రావడమే తప్పు.

ఆ అనుమతి ఎలా ఉండాలన్నది 2018 మే 25 నుంచి అమలులో ఉన్న ఐరోపా వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, జీడీపీఆర్, నిర్వచించింది. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి అనుమతి కిందికి రాదని ప్లానెట్49 అనే జర్మన్ సంస్థ కేసులో ఐరోపా న్యాయస్థానం 2019 అక్టోబరు 1న తీర్పు చెప్పింది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు చాలినప్పుడు కాదనడానికి నాలుగైదు నొక్కులు పట్టేలా పెట్టినందుకు ఫ్రాన్సు సమాచార పరిరక్షణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది. అంతకుముందు ‘అంగీకరిస్తున్నాను’ అన్నది మాత్రమే పెద్ద అక్షరాలలో కనిపించే పెట్టెల్లో, ఆ తరువాత ‘అన్నీ వద్దు’ అన్న బొత్తం కూడా పక్కనే కనబడడం మొదలైంది.

కోడర్ గారు చెప్పిన ఖతుల విషయం అతిశయోక్తి కాదు. గూగుల్ ఖతుల ద్వారా తన ఐపీ చిరునామా అనుమతి లేకుండా బయటికి పోయిందని ఒక పాఠకుడు వేసిన దావాలో, మా ఊరి న్యాయస్థానమే 2022 జనవరిలో 100 యూరోల పరిహారం ఇప్పించింది. ఆ తీర్పును పట్టుకొని, చిన్న చిన్న సైట్ల వారికి డబ్బు అడుగుతూ ఉత్తరాలు పంపడం కొంతకాలం ఇక్కడ ఒక వృత్తిగా సాగింది. పూలకొట్ల వారు, బేకరీల వారు కూడా బెదిరిపోయారు.

అయితే మీరు కంగారుపడవలసిన పని లేదు. జర్మనీలో ఎవరో మీ పేజీ తెరవగలిగినంత మాత్రాన జీడీపీఆర్ మీకు వర్తించదు. ఇక్కడివారిని ఉద్దేశించి సేవలు అందించాలి, లేదా ఇక్కడ ఉన్నవారి ప్రవర్తనను గమనిస్తూ ఉండాలి. మీ విషయంలో చిక్కు ఈ రెండో మాటతోనే. పాఠకుడు ఏ సైట్లకు వెళ్ళాడో పోగుచేసే కుకీలు మీ పేజీ ద్వారా చేరుతూ ఉంటే, ‘నేను తెనాలిలో ఉన్నాను’ అన్న జవాబు అంత బలంగా నిలవదు. అవి తీసేస్తే నిలుస్తుంది.


సమాధానం: పోపుదినుసులు

నమస్కారం మాస్టారూ. నేను రాజమండ్రి నుంచి వంటల సైటు నడుపుతాను. పైన ఇద్దరూ చెప్పినవి సబబుగానే ఉన్నాయి కాని ఇద్దరూ ఒక విషయం దాటవేశారు. ప్రకటనలు తీసేయండి, లెక్కలు తీసేయండి అనడం సులువు. పదిహేను రకాల పచ్చళ్ళు పెట్టి, ఫొటోలు తీసి, కొలతలు సరిచూసి రాసేవారికి ఆ నెలకు వచ్చే నాలుగు వేలే ఉప్పూ నూనె ఖర్చు. నా సైటుకు వచ్చేవారిలో ఒక్కరైనా ఇన్నేళ్ళలో కుకీ గురించి అడగలేదు. కొలత తప్పితే మాత్రం గంటలో ఉత్తరం వస్తుంది.

ఇది చెప్పి, నా అనుభవం కూడా చెప్పాలి, ఎందుకంటే అది మీ మేనల్లుడి సలహాకు సంబంధించినది. 2024 జనవరి నుంచి ఐరోపా, బ్రిటన్ పాఠకులకు గూగుల్ ప్రకటనలు చూపించాలంటే గూగుల్ ధ్రువీకరించిన అనుమతి పెట్టె ఉండాలన్నారు. నేను అది సరిగా చదవకుండా, ఉచితంగా దొరికిన ఒక బ్యానర్ ప్లగిన్ తగిలించాను. చూడడానికి ముచ్చటగా ఉండేది, ‘సరే’, ‘వద్దు’ అని రెండు బొత్తాలతో. ఏడాది తరువాత సెలవులకు వచ్చిన మా అబ్బాయి పరీక్షించి చూస్తే, పెట్టె తెరమీదికి రాకముందే కుకీలన్నీ చేరిపోతున్నాయి. ‘వద్దు’ అని నొక్కితే పెట్టె మాత్రం మాయమవుతున్నది, కుకీలు అక్కడే ఉంటున్నాయి. పైగా ఆ ప్లగిన్ తన కోసమే ఇంకెవరి సర్వర్‌నో పలకరిస్తున్నది. అంటే ఏడాదిపాటు నేను ప్రతి పాఠకుడినీ మర్యాదగా అడిగి, వారి జవాబు వినకుండా వదిలేశాను. అడగకపోవడం కన్నా అదే ఎక్కువ సిగ్గుగా అనిపించింది. ఇప్పుడు ప్రకటనల ఖాతాలోనే గూగుల్ ఇచ్చే అనుమతి సందేశాన్ని వాడుతున్నాను. ఐరోపా వారికి మాత్రమే కనబడుతుంది.

ఇంకొక దారి కూడా ఉంది. మా ఊరి గానుగ నూనె వారు ఒకరు నా సైటులో నెలకు ఇంత అని ఇచ్చి ఒక బొమ్మ పెట్టించుకొన్నారు. అది నా సర్వర్ మీదే ఉన్న మామూలు బొమ్మ, దాని కింద వారి ఫోను నంబరు. ఎవరు చూశారో, ఎక్కడినుంచి వచ్చారో వారికి అక్కర్లేదు. అప్పచ్చుల పేజీ చూసేవారికి నూనె అవసరమని వారికి తెలుసు, అంతే చాలు. పద్యాలకు అలా ఇచ్చేవారు దొరుకుతారో లేదో నాకు తెలియదు గాని, నిఘంటువులు అమ్మేవారినో, తెలుగు పుస్తకాల షాపు వారినో అడిగి చూడవచ్చు.


సమాధానం: బెజవాడ వకీలు

మాస్టారికి నమస్సులు. మీ మూడో ప్రశ్నకు, అంటే మన చట్టానికీ పిల్లలకూ సంబంధించిన దానికి, ఎవరూ జవాబివ్వలేదు. నా దృష్టిలో మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీం కోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తేల్చింది. ఆ తరువాత ఆరేళ్ళకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. సైట్ల వారిమీద పడే ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే వరకు సర్దుకోవడానికి సమయం ఉంది.

మన చట్టంలో కుకీ అన్న మాటే ఉండదు. ఇసార్ ఒడ్డు గారు చెప్పిన ఐరోపా ఆదేశం పరికరాన్ని కాపలా కాస్తుంది. మనది వ్యక్తిని గుర్తించగలిగే సమాచారాన్ని కాపలా కాస్తుంది. కనుక నల్లరంగు తెర ఎంచుకొన్నారని గుర్తుంచుకొనే కుకీ గురించి మనకు బెంగ లేదు. ఒకే మనిషి అని పోల్చుకొంటూ వెంటబడే కుకీ విషయంలో మాత్రం, అది వ్యక్తికి సంబంధించిన సమాచారమేనని వాదించడానికి కావలసినంత చోటు ఉంది. అటువంటి దానికి అనుమతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలని ఆరో సెక్షన్ చెబుతుంది. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత తేలికగానే ఉండాలి. తెలుగువారికి సంతోషం కలిగించే అంశం ఒకటి, ఆ నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఇరవై రెండు భాషలలో దేనిలోనైనా గాని చదువుకొనే వీలు కల్పించాలి. అర్థంకాని ఇంగ్లీషు పెట్టె మీద ‘ఓకే’ కొట్టించుకొన్న రోజులు ఈ నియమంతో పోవాలి. ఎంతవరకు పోతాయో చూడాలి.

ఇప్పుడు పిల్లల సంగతి. ఈ చట్టం దృష్టిలో పద్దెనిమిదేళ్ళు నిండనివారందరూ పిల్లలే. తొమ్మిదో సెక్షన్ ప్రకారం వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, అది కూడా నిజంగా తల్లిదండ్రులదేనని నిర్ధారించుకోగలిగేలా ఉండాలి. అంతకన్నా ముఖ్యంగా, పిల్లల కదలికలను వెంబడించడం, వారి ప్రవర్తనను గమనించడం, వారిని గురిపెట్టి ప్రకటనలు ఇవ్వడం చేయరాదన్నారు. విద్యాసంస్థల వంటి కొందరికి నియమావళిలో పరిమితమైన సడలింపులు ఉన్నాయి గాని, ప్రకటనల ఆదాయం వచ్చే వ్యక్తిగత సైటు వాటిలోకి వస్తుందని నేను మీకు సలహా ఇవ్వలేను. సొంత, ఇంటి అవసరాలకు వాడే సమాచారానికి చట్టం వర్తించదన్న మినహాయింపు కూడా బహిరంగంగా నడిచే సైటుకు అంతగా అక్కరకు రాదు. పిల్లల విషయంలో బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. ఆ అంకె చూసి బెదరకండి. అది గరిష్ఠ పరిమితి. తప్పు స్వభావం, తీవ్రత, ఎంతకాలం సాగిందన్నవి చూసి ఈ చట్టం కింద ఏర్పడే సమాచార పరిరక్షణ బోర్డు నిర్ణయిస్తుంది. ఎవరినో ఉద్దేశించి పెట్టిన అంకె అది.

పోపుదినుసులు గారి మాట కూడా కొట్టిపారేయదగినది కాదు. పాఠకులు అడగరు. వంటల పేజీకి వచ్చిన గృహిణి అడగకపోవడం వేరు, పరీక్ష ముందురోజు రాత్రి ప్రతిపదార్థం కోసం వచ్చిన పద్నాలుగేళ్ళ పిల్ల అడగకపోవడం వేరు. ఆ పిల్లకు అడగాలని తెలియదు. ఆ పిల్ల తరఫున అడిగే బాధ్యతను చట్టం మీ మీద పెట్టింది.


తిరుగు సమాధానం: పద్యాలతోట

మీ అందరికీ కృతజ్ఞతలు. పది రోజులుగా మేనల్లుడితో కూర్చొని మీరు చెప్పినవి ఒక్కొక్కటిగా చేశాము. కొత్త ప్రొఫైల్‌తో చూసినప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ పెద్దమనిషి చెప్పిన పద్నాలుగు కన్నా రెండు ఎక్కువే కనిపించాయి. అనలిటిక్స్ తీసేశాము. ఏడేళ్ళలో నేను ఆ పేజీని తెరిచింది మూడుసార్లేనని మేనల్లుడు గుర్తుచేశాడు. లైక్ బొత్తాలు పోయాయి. ఖతులు మా సర్వర్ మీదికి వచ్చాయి, పేజీ ఇదివరకటి కన్నా త్వరగా తెరుచుకొంటున్నది కూడా. వీడియోల స్థానంలో ఇప్పుడు తాళపత్రం బొమ్మ కనిపిస్తుంది. నొక్కితేనే నా గొంతు వినిపిస్తుంది.

ప్రకటనల దగ్గర ఎక్కువసేపు ఆగాము. ఇది పిల్లల సైటు అని ప్రకటనల ఖాతాలో గుర్తుపెట్టి, వ్యక్తిని బట్టి కాని ప్రకటనలు మాత్రమే రప్పించవచ్చని తెలిసింది. కాని అటువంటి ప్రకటనలకు కూడా, ఒకే ప్రకటన ఎన్నిసార్లు కనబడిందో లెక్కించడానికి, దొంగ నొక్కులను పట్టుకోవడానికి కుకీలు వాడతారట. దాంతో పద్యాల పేజీల నుంచి ప్రకటనలు పూర్తిగా తీసేశాను. పెద్దల కోసం రాసిన సాహిత్య వ్యాసాల పేజీలలో మాత్రం ఉంచాను. అక్కడ ఐరోపా పాఠకులకు పోపుదినుసులు గారు చెప్పిన గూగుల్ సందేశమే వస్తుంది. ఆ వ్యాసాలు చదివేవారు తక్కువే కనుక ఆదాయం దాదాపు పోయినట్టే. ఈ ఏడాది ఖర్చు భరిస్తానని మా పూర్వ విద్యార్థి ఒకడు ముందుకు వచ్చాడు. వచ్చే ఏడాది నిఘంటువుల వారిని అడుగుతాను.

సైటులో పెట్టడానికి తెలుగులో ఒక చిన్న ప్రకటన రాశాను. వకీలు గారు చూసి తప్పులుంటే చెప్పవలసిందిగా మనవి:

‘ఈ సైటు మీ గురించి ఏ సమాచారమూ సేకరించదు. పద్యాల పేజీలలో కుకీలు లేవు. వీడియో బొమ్మ మీద నొక్కితే యూట్యూబ్ తెరుచుకొంటుంది, అప్పుడు వారి నియమాలు వర్తిస్తాయి. వ్యాసాల పేజీలలో గూగుల్ ప్రకటనలు ఉన్నాయి, అవి కుకీలు వాడతాయి. మీ ప్రశ్నలకు నాకు ఉత్తరం రాయవచ్చు.’


సమాధానం: కొండాపూర్ కోడర్

మాస్టారూ, వకీలు గారికన్నా ముందు నేను అడ్డుపడుతున్నాను, మన్నించండి. మొదటి వాక్యం నిజం కాదు. ఏ పేజీని ఏ ఐపీ చిరునామా నుంచి ఎప్పుడు అడిగారో మీ సర్వర్ తన చిట్టాలో రాసుకొంటుంది. ఎన్నాళ్ళు ఉంచుతారో హోస్టింగ్ వారిని అడిగి తెలుసుకోండి. వ్యాఖ్య రాసినవారి పేరు, ఈమెయిలు, ఐపీ చిరునామా వర్డ్‌ప్రెస్ భద్రపరుస్తుంది. వ్యాఖ్యల పక్కన చిన్న ముఖం బొమ్మలు కనిపిస్తుంటే, అవి గ్రావతార్ అనే బయటి సర్వర్ నుంచి వస్తున్నాయన్నమాట. సెట్టింగ్స్‌లో డిస్కషన్ విభాగానికి వెళ్ళి అవతార్లు చూపడం ఆపేయండి. వ్యాఖ్య పెట్టె కింద ‘నా పేరు, ఈమెయిలు ఈ బ్రౌజర్‌లో గుర్తుంచుకో’ అన్న గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టినవారికి మీ సైటే ఏడాదిపాటు ఉండే కుకీ ఇస్తుంది. దానికి ఇబ్బంది లేదు, వారు అడిగి పెట్టించుకొన్నదే. కాని ‘కుకీలు లేవు’ అని రాయకూడదు కదా.


సమాధానం: బెజవాడ వకీలు

కోడర్ గారితో ఏకీభవిస్తున్నాను. చేయనిది చేస్తున్నామని చెప్పడం కన్నా, చేస్తున్నది చేయడం లేదని రాసి సంతకం పెట్టడం న్యాయస్థానంలో ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మీ మిగతా వాక్యాలు అలాగే ఉంచి, మొదటి రెండింటి స్థానంలో ఇది పెట్టండి. చిట్టా గడువు తెలిశాక ఖాళీ పూరించండి:

‘మీరు ఈ సైటు తెరిచినప్పుడు మీ ఐపీ చిరునామా, సమయం, చూసిన పేజీ మా సర్వర్ చిట్టాలో నమోదవుతాయి. ..... రోజుల తరువాత అవి చెరిగిపోతాయి. మీరు వ్యాఖ్య రాస్తే మీరు ఇచ్చిన పేరు, ఈమెయిలు, మీ ఐపీ చిరునామా ఆ వ్యాఖ్యతోపాటు ఉంటాయి. తీసేయమని రాస్తే తీసేస్తాను. గుర్తుంచుకోమని మీరు టిక్కు పెడితే తప్ప పద్యాల పేజీలు మీ బ్రౌజర్‌లో కుకీ పెట్టవు. పద్దెనిమిదేళ్ళ లోపువారు తమ పేరు, ఈమెయిలు ఇచ్చి వ్యాఖ్య రాయవద్దు, సందేహం ఉంటే మీ మాస్టారి ద్వారా అడగండి.’

చివరి వాక్యం మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, పిల్లల వ్యాఖ్యలే మీ సైటుకు కళ. తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకొనే ఏర్పాటు మీ వంటి చిన్న సైటుకు అందుబాటులోకి వచ్చేవరకు, పద్యాల పేజీలలో వ్యాఖ్య పెట్టెను మూసి ఉంచడమే నా సలహా.